ఫిడేలు ఇచ్చెయ్యండి, అమెరికా ఆపండి

ప్రశ్న: మేం చెన్నై సాలిగ్రామంలో ఉంటాం. సొంతూరు విజయనగరం. మా ఆయన వయొలిన్ వాయిస్తారు. అక్కడి సంగీత కళాశాలలో డిప్లొమా చేసి, పెళ్ళికి ముందే ఇక్కడికొచ్చి సినిమా రికార్డింగుల్లో కుదురుకున్నారు. ఆ పని తగ్గాక ఒక టీవీ పాటల పోటీ ఆర్కెస్ట్రాలో చేరారు. అందులో ఆయన వాయించిన బిట్లు జనానికి తెగ నచ్చాయి. అక్కణ్ణుంచి పెళ్ళి రిసెప్షన్లలో ఫ్యూజన్ ప్రోగ్రాములు, అమెరికా టూర్లు. ఎయిర్‌పోర్టులో ఆపి మరీ ఫొటోలు దిగేవాళ్ళు. ప్రోగ్రాం అయ్యాక మొదలైన తాగుడు మెల్లగా ప్రోగ్రాం ముందుకి జరిగింది, తర్వాత పొద్దున లేవగానే. చేతులు వణికేవి. నెల్లూరులో ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో ఎక్కడున్నారో తెలియక అలా నిలబడిపోయారు. ఎవరో వీడియో తీసి పెట్టారు. పిలుపులు ఆగిపోయాయి. చివరికి ఆసుపత్రిలో చేర్చాం. ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది, ముట్టుకోలేదు. తాగితే వాంతులయ్యే మాత్ర రోజూ నా ముందే వేసుకుంటారు. మా తమ్ముడి ప్రింటింగ్ ప్రెస్సులో లెక్కలు చూస్తున్నారు.

వయొలిన్ నేనే అటకెక్కించాను. ఆయన ఒక్కసారీ అడగలేదు. కానీ టీవీ చూస్తున్నప్పుడు రిమోట్ మీద ఎడమచేతి వేళ్ళు కదులుతుంటాయి, గమకాలు పలికిస్తున్నట్టు. ఇప్పుడు పాత ట్రూపు లీడర్ ఫోన్ చేసి, జూన్‌లో రెండు నెలల అమెరికా టూరుకి రమ్మంటున్నారు. ఆ డబ్బొస్తే మా అప్పు చాలావరకు తీరిపోతుంది. ఆయనేమో ‘నీ ఇష్టం’ అంటున్నారు. అత్తగారు ‘ఆ పెట్టె కిందికి దిగితే నేను ఊరెళ్ళిపోతా’ అంటున్నారు. మా మరిది ‘మందు లేకపోతే అన్నయ్య వాయింపులో ఆ ఫీల్ రాదు వదినా, వేరే పని చూసుకోమను’ అంటాడు. మా పాపకి పదకొండేళ్ళు, అదీ వయొలిన్ నేర్చుకుంటానని గొడవ. ఆయన పది నిమిషాలు ఫోన్ తియ్యకపోతే నాకు గుండె దడ. ఏం చెయ్యమంటారు?

— పేరు వద్దు, చెన్నై

సమాధానం: అమ్మా, ఫిడేలు ఈ వారంలోనే అటక దించండి. అమెరికా ఈసారికి వద్దు. మీరు రెండూ కలిపి అడిగారు గానీ అవి రెండు వేరు వేరు విషయాలు. మీ ఇంట్లో అందరూ, మీ మరిదితో సహా, సంగీతాన్నీ తాగుడినీ ఒకటే మూట కట్టేశారు. మీ అత్తగారు ఆ మూట మొత్తం పారేద్దామంటున్నారు, ట్రూపు లీడర్ మొత్తం తిరిగి నెత్తికెత్తుకోమంటున్నాడు. మూట విప్పి చూసినవాళ్ళు లేరు.

మీ ఉత్తరంలోనే ఒక మాట రాశారు, ‘ప్రోగ్రాం అయ్యాక మొదలైంది’ అని. వాయిస్తుండగా కాదు, వాయించడం అయ్యాక. రిసెప్షన్ ప్రోగ్రాం ఎలా సాగుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఏడింటికి అంటారు, పెళ్ళికూతురు మేకప్ అయ్యి స్టేజి ఎక్కేసరికి ఎనిమిదిన్నర. ఫొటోల క్యూ సాగినంతసేపూ వీళ్ళు వాయిస్తూనే ఉండాలి. వినేవాళ్ళకంటే ప్లేటు పట్టుకుని తిరిగేవాళ్ళే ఎక్కువ. పదకొండుకి వైర్లు చుట్టడం మొదలవుతుంది, అప్పటికి భోజనాల దగ్గర పెరుగన్నం మిగిలుంటే అదృష్టం. నాలుగు గంటలు జనం ముందు నిలబడ్డ ఒళ్ళు వెంటనే చల్లారదు, నిద్ర రాదు. సరిగ్గా ఆ టైముకి హోటల్ రూములో ఆర్గనైజర్ డబ్బు లెక్కపెడుతుంటాడు, పక్కనే సీసా. ‘నాకొద్దు’ అంటే పొగరనుకుంటారు. వచ్చే నెల పెళ్ళికి ఎవర్ని పిలవాలో తేలేదీ ఆ రూములోనే. అంటే మీ ఆయనకి తాగుడు ఆ ఉద్యోగంలో ఒక డ్యూటీలాగా అయిపోయింది. ఇందులో ఫిడేలు చేసిన పాపం ఏముంది?

మీ మరిది అన్న ‘ఫీల్’ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఆ మాట మీ ఆయన చెవిన కూడా పడే ఉంటుంది. అసలు ఆయన వయొలిన్ అడక్కపోవడానికి కారణం అదే కావచ్చు. మందు లేకుండా తనకి వాయించడం వచ్చో రాదో ఆయనకే తెలియదు.

ఈ నమ్మకం మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో చార్లీ పార్కర్ అని శాక్సొఫోన్ వాద్యకారుడు ఉండేవాడు. 1940ల్లో జాజ్ సంగీతాన్ని మలుపు తిప్పిన మనిషి. టీనేజిలోనే హెరాయిన్‌కి అలవాటుపడ్డాడు. అతను అలా వాయించడానికి ఆ మత్తే కారణమనుకుని, ఎంతోమంది కుర్రాళ్ళు తామూ సూది పొడుచుకున్నారు. పార్కర్ సంగతేమిటంటే, 1946 జులైలో లాస్ ఏంజెలెస్‌లో హెరాయిన్ దొరక్క, దాని బదులు విపరీతంగా మద్యం తాగి, నిలబడలేని స్థితిలో ఒక రికార్డింగ్ చేశాడు. ఆ రాత్రే పరిస్థితి చెయ్యి దాటి ఆఖరికి కమరిల్లో అనే ఊళ్ళో మానసిక ఆసుపత్రికి చేరాడు. ఆరు నెలలున్నాడు. ఆ రికార్డు బయటికొచ్చాక కొందరు ‘ఆహా, ఎంత వేదన’ అన్నారు. పార్కర్‌కి మాత్రం అది విడుదల చెయ్యడమే నచ్చలేదు, దాన్ని తలుచుకోవడమే అసహ్యం. ఆసుపత్రి నుంచి ఆరోగ్యంగా బయటికొచ్చి 1947లో చేసిన రికార్డింగులు వింటే వాద్యం మీద అతని పట్టు ఎంతో మనకే తెలుస్తుంది. ఎక్కడ తప్పటడుగు వేశాడంటే, తిరిగి న్యూయార్క్‌కి, పాత క్లబ్బులకి, పాత స్నేహాలకి వెళ్ళాడు. మళ్ళీ అలవాటుపడ్డాడు. 1955లో, 34 ఏళ్ళకే పోయాడు.

అతన్ని చూసి పాడైన కుర్రాళ్ళలో సోనీ రాలిన్స్ అనే శాక్సొఫోన్ వాద్యకారుడు ఒకడు. 1953లో ఒక రికార్డింగ్‌లో ఇద్దరూ కలిశారు. మత్తు మానేశావా అని పార్కర్ అడిగితే రాలిన్స్ మానేశానని అబద్ధం చెప్పాడు. కాసేపటికి నిజం తెలిసి పార్కర్ ముఖం మాడిపోయిందట. తనని చూసి ఈ కుర్రాడు ఇలా అయ్యాడే అన్న బాధ ఆ ముఖంలో చూశాకే మానేయాలని గట్టిగా అనుకున్నట్టు రాలిన్స్ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. 1955లో కెంటకీ రాష్ట్రం లెక్సింగ్టన్‌లోని ప్రభుత్వ ఆసుపత్రిలో తనే వెళ్ళి చేరాడు. నేను మానేశానన్నా అని పార్కర్‌కి చెప్పుకునే అవకాశం మాత్రం దక్కలేదు. రాలిన్స్ అక్కడుండగానే పార్కర్ చనిపోయాడు.

మీకు పనికొచ్చే ముక్క ఆ తర్వాతది. లెక్సింగ్టన్ నుంచి బయటికొచ్చిన రాలిన్స్ నేరుగా స్టేజి ఎక్కలేదు. షికాగోలో ఉండి ఊడ్చే పనీ కూలిపనీ చేసుకున్నాడు. వాయిద్యం వదల్లేదు, సాధన చేస్తూనే ఉన్నాడు, క్లబ్బులకి మాత్రం దూరంగా ఉన్నాడు. తన మీద తనకి నమ్మకం కుదిరాక, 1955 చివర్లో ఒక బ్యాండులో చేరాడు. ఆ తర్వాతి రెండు మూడేళ్ళలో అతను చేసిన పనిని ఇప్పటికీ జాజ్ నేర్చుకునేవాళ్ళు పాఠంలా వింటారు. మీ తమ్ముడి ప్రెస్సులో లెక్కలు చూడటం మీ ఆయనకి నామోషీగా ఉంటే ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు పాఠం చెప్తున్నట్టు చెప్పకండి, అంతే.

అయితే మీ మరిది మాటలో రవ్వంత నిజం కూడా ఉంది, దాన్ని కాదంటే మీ ఆయన మనల్ని నమ్మడు. ఆల్కహాల్ కాసేపు భయాన్ని తగ్గిస్తుంది. రోజూ తాగే ఒంట్లోంచి అది దిగిపోయేటప్పుడు చేతులు వణుకుతాయి, పొద్దున్నే ఒక కటింగ్ మందు పడగానే ఆ వణుకు ఆగుతుంది. కమాను పట్టుకునే మనిషికి వణుకంటే ప్రాణం పోయినట్టే కాబట్టి, ఆపింది మందేనని ఆయన చెయ్యి గుర్తుపెట్టుకుంది. ఆ వణుకు తెచ్చింది కూడా అదేనని ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. ఎనిమిది నెలల తర్వాత ఆ రకం వణుకు ఉండకూడదు. ఇంకా ఉంటే, లేదా వేళ్ళ చివర్లు మొద్దుబారినట్టుంటే డాక్టర్‌కి చెప్పాలి. ఎక్కువకాలం తాగితే నరాలు దెబ్బతింటాయి, మామూలుగా అది పాదాల్లో మొదలవుతుంది. కొంత కోలుకుంటుంది గానీ నెలలు పడుతుంది. ఇక స్టేజి భయం వేరు. తాగని వాళ్ళకీ ఉంటుంది, దానికి వేరే మందులున్నాయి. ఎవరో వాద్యకారుడు చెప్పాడని మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కోవడం మాత్రం వద్దు, ముఖ్యంగా ఆస్తమా ఉంటే.

ఇప్పుడు పెట్టె సంగతి. ఎనిమిది నెలలు అటక మీద, అందులోనూ మన చెన్నై ఎండకి పైకప్పు కింద! దించాక మీరు తెరిచి తుడవకండి, పెట్టెని అలాగే హాల్లో పెట్టండి. వయొలిన్‌ని అతికించేది జంతువుల చర్మం నుంచి తీసిన జిగురుతో, అది వేడికి మెత్తబడుతుంది. అంచుల దగ్గర విడిపోయి ఉండొచ్చు. కమాను బిగించి వదిలేసి ఉంటే వంపు పోయుంటుంది, వెంట్రుకల్ని పురుగు కొట్టేసి ఉంటుంది. కమానుకి రాసే రోజిన్ కరిగి గుడ్డకి అతుక్కుపోయుంటుంది. అన్నిటికంటే ముఖ్యం లోపల నిలబెట్టే చిన్న కర్ర, సౌండ్ పోస్ట్. తీగలు వదులైపోతే అది పడిపోతుంది. అది పడిపోయి ఉండగా బిరడాలు తిప్పి తీగలు బిగిస్తే పైపలక పగిలే ప్రమాదం ఉంది. ఇవన్నీ ఆయనకి తెలుసు. మీకెందుకు చెప్తున్నానంటే, ఆయన పెట్టె తెరిచి చూసి నోట మాట రాక కూర్చుంటే అది తాగుడు మీదికి మనసు పోవడం కాదు, తన వాయిద్యానికి పట్టిన గతి చూసుకోవడం. కోపం కూడా రావచ్చు, మీ మీదే రావచ్చు. ‘భయమేసి పెట్టాను’ అని నిజం చెప్పెయ్యండి.

బాగుచేయించడానికి ఆయన్నే వెళ్ళనివ్వండి. ఇక్కడ వయొలిన్ రిపేరు చేసేవాళ్ళెవరో, ఎవరి చెయ్యి మంచిదో ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ షాపు దగ్గర పాత తోటి వాద్యకారులు ఎదురుపడతారు. పడనివ్వండి. పట్టపగలు, టీ తాగుతూ, తీగల ధర గురించి మాట్లాడుకునే చోట ఎదురుపడటం హోటల్ రూములో ఎదురుపడటం లాంటిది కాదు.

తెచ్చుకున్నాక మొదటి రోజులు బాగుండవు. వేళ్ళ చివర్ల కాయలు కాచిన చర్మం మెత్తబడి ఉంటుంది, తీగ కోసుకుంటుంది. శ్రుతి నిలవదు. తన చెవికి తన నాదమే పరాయిగా ఉంటుంది. మీరు వంటింట్లోంచి ‘బాగుందండీ’ అనకండి. బాగాలేదని ఆయనకి తెలుసు, మీరు అబద్ధమాడుతున్నారని కూడా తెలిసిపోతుంది. ఊరుకోవడం మంచిది. ఆయన చదివిన కాలేజీ సామాన్యమైంది కాదు, 1919లో పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ చెప్పిన చోటు, తర్వాత ఘంటసాల చదువుకున్న చోటు. అక్కడ సరళీ, జంట, అలంకారాలు అనే తొలి పాఠాల్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, సాధకం చేసి వచ్చిన చెయ్యి అది. టీవీ బిట్ల కంటే ముందు ఆయనకంటూ ఒక సంగీతం ఉంది, అది నేర్చుకున్నప్పుడు ఆయనకి సీసా అంటే ఏమిటో తెలియదు. ఆయన ఫ్యూజన్‌తో కాకుండా వర్ణంతో మొదలుపెడితే ఆశ్చర్యపోకండి. మొదలుపెట్టమని మాత్రం చెప్పకండి.

టూరు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఎనిమిది నెలలు అని మీరు గర్వంగా రాశారు, గర్వపడాల్సిందే. కానీ ఈ ఎనిమిది నెలలూ ఆయన ఇంట్లో, ప్రెస్సులో, మీ కళ్ళ ముందు గడిపారు. స్టేజి ఎక్కి దిగిన ఒక్క రాత్రి కూడా ఇంకా దాటలేదు. మొదటి పరీక్షే రెండు నెలలది పెట్టుకోవడం ఏమిటి? శుక్రవారం ఒక ఊరు, శనివారం ఒక ఊరు, వారం మధ్యలో పని లేకుండా ఎవరింట్లోనో బస. జెట్‌లాగ్‌తో రాత్రి రెండింటికి మెలకువ. ఆతిథ్యం ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళే, ఆ మంచితనంతోనే బేస్‌మెంట్‌లో బార్ చూపించి ‘మాస్టారూ, ఏం తీసుకుంటారు’ అంటారు. అక్కడ ఆయన డాక్టర్ లేడు, మీరు లేరు. రోజూ మీ చేతిమీదుగా పడే మాత్ర అక్కడ ఎవరి చేతిమీదుగా పడాలి?

ఆ మాత్ర గురించి రెండు ముక్కలు. మీరు రాసినదాన్ని బట్టి అది డైసల్ఫిరామ్ అనుకుంటున్నాను. అది ఒంట్లో ఉండగా కొంచెం ఆల్కహాల్ తగిలినా ముఖం ఎర్రబారి, గుండె దడ, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదికే రావచ్చు. మాత్ర ఆపేశాక కూడా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. దగ్గు మందుల్లో కొన్నిటిలో ఆల్కహాల్ ఉంటుంది. మన ఇళ్ళల్లో బలానికని ఇచ్చే ద్రాక్షారిష్టం, దశమూలారిష్టం లాంటివాటిలో పులియడం వల్ల సహజంగానే ఆల్కహాల్ పుడుతుంది. అత్తగారికి ఈ మాట చెవిన వెయ్యండి, ప్రేమకొద్దీ ఒక మూత పోస్తే ముప్పు. అలాగే, ‘తెలియకుండా అన్నంలో కలపండి’ అని గోడల మీద ప్రకటనలు కనిపిస్తాయి చూడండి, ఆ పొడుల జోలికి ఎప్పుడూ పోవద్దు. ఈ మాత్ర తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది. మీ ఆయన అలాగే వేసుకుంటున్నారు. అందుకే ఆయన మీద నాకు నమ్మకం కలుగుతోంది.

అప్పు ఎంతో మీరు రాయలేదు. వడ్డీ వెంటపడుతుంటే ‘వద్దు’ అనడం తేలిక కాదని నాకు తెలుసు, ఊరికే పెద్ద కబుర్లు చెప్పను. కాకపోతే ఆయనకున్న చదువుకి పగటిపూట డబ్బొచ్చే దారులు ఇప్పుడు మునుపటికంటే ఎక్కువ. అమెరికాలో పిల్లలకి మన సంగీతం ఆన్‌లైన్‌లో నేర్పేవాళ్ళకి మంచి గిరాకీ. మన తెల్లవారుజాము వాళ్ళకి సాయంత్రం కాబట్టి అయిదున్నర నుంచి ఎనిమిది దాకా పాఠాలు చెప్పుకుని ప్రెస్సుకి వెళ్ళొచ్చు. తెల్లారి అయిదున్నరకి పిల్లల ముందు కూర్చోవాలన్న బాధ్యత ఉన్న మనిషి రాత్రి త్వరగా పడుకుంటాడు కూడా. రికార్డింగుల్లోనూ పద్ధతి మారింది. పెద్ద స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల గుంపు, కావాలంటే హంగరీలోని బుడాపెస్ట్ వెళ్ళి చేయించుకొచ్చే సంగీత దర్శకులున్నారు, ఆ గుంపులో వాయించే సెక్షన్ వాద్యకారులకి దెబ్బ తగిలింది అక్కడే. కానీ ఒక్క సోలో వయొలిన్ బిట్ కావాల్సినవాళ్ళు ట్రాక్ మెయిల్లో పంపిస్తే, ఇంట్లో మైకు పెట్టుకుని వాయించి తిరిగి పంపేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పనికి హోటల్ రూము లేదు, ఆర్గనైజర్ లేడు.

జనం ముందుకి రావాలంటే? చెన్నైలో ఉన్నవాళ్ళకి ఆ అదృష్టం ఉంది. డిసెంబరు సంగీత సీజన్‌లో సంగీత సభలన్నీ మధ్యాహ్నం కచేరీలు పెడతాయి. హాల్లో సగం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి, టికెట్ ఉండదు, పైకొస్తున్న పిల్లలు పాడుతుంటారు, వాళ్ళకి పక్కవాద్యం కావాలి. డబ్బు పెద్దగా రాదు. కచేరీ అయ్యాక అందరూ పోయేది సభ క్యాంటీన్‌కి, అక్కడ దొరికేది బోండా, ఫిల్టర్ కాఫీ. ఆ తర్వాత పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన. తిరువాయూరు దాకా వెళ్ళక్కర్లేదు, చెన్నైలోనే ఎన్నో చోట్ల పంచరత్న గోష్ఠి జరుగుతుంది. అందరిలో ఒకడిగా కూర్చుని వాయించొచ్చు, సోలో లేదు, మైకు తన ఒక్కడి ముందే ఉండదు. తప్పు పోయినా గోష్ఠిలో కలిసిపోతుంది. నన్నడిగితే ఆయన మళ్ళీ జనంలో కూర్చోవాల్సిన మొదటి చోటు అదే. నెల్లూరు వీడియో చూసినవాళ్ళు అక్కడా ఒకరిద్దరుంటారు. ఉండనివ్వండి. వీడియో తీయించెయ్యాలని తిరిగితే తిరుగుడే మిగులుతుంది.

ఇక మీ గుండె దడ. ఆయన జేబులు వెతకడం, గుమ్మంలోకి రాగానే వాసన చూడటం, ఫోన్ తియ్యకపోతే తమ్ముడికి ఫోన్ చెయ్యడం, ఇవన్నీ మీరు రాయలేదు గానీ చేస్తూనే ఉంటారు. ఏళ్ళ తరబడి అలాంటి ఇంట్లో బతికిన ఏ ఇల్లాలైనా చేస్తుంది. దీనికి కూడా వైద్యం ఉంది, అది మీకు. ఇందిరానగర్‌లో శాంతి రంగనాథన్‌గారు 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి వాళ్ళు మొదటినుంచీ రోగితోపాటు ఇంట్లోవాళ్ళనీ కూర్చోబెట్టి మాట్లాడతారు. తాగేవాళ్ళ కుటుంబాల కోసం అల్-ఆనాన్ అని వేరే బృందాలున్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, పేరు చెప్పక్కర్లేదు. అక్కడ తమిళం, ఇంగ్లీషు ఎక్కువ వినిపిస్తాయి. ఇన్నేళ్ళు సాలిగ్రామంలో ఉన్న మీకు తమిళం ఇబ్బంది కాదు గానీ, మనసు విప్పాలంటే తెలుగే కావాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416కి చేసి తెలుగు ఎంచుకోండి. కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం. చుట్టాలకి తెలిసిపోతుందన్న భయం అక్కర్లేదు.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. మళ్ళీ ఒకసారి జారితే జారవచ్చు. ఎరిక్ క్లాప్టన్ అంతటి గిటారిస్టు 1982లో చికిత్స చేయించుకుని, మళ్ళీ తాగి, 1987లో రెండోసారి చేరాడు. ఆ రెండోది నిలిచింది. 1998లో ఆంటిగ్వా దీవిలో తనే ఒక చికిత్సా కేంద్రం పెట్టించాడు. కాబట్టి అలాంటిది జరిగితే ఏం చెయ్యాలో ఇప్పుడే, ఆయన బాగున్నప్పుడే, ఇద్దరూ కూర్చుని అనుకోండి. ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఏ ఆసుపత్రి, పాపని ఎవరింటికి పంపాలి, ఇదంతా. మాత్ర వేసుకుంటూ తాగితే మాత్రం ఏమీ ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మాత్ర మానేశాక వరసగా కొన్నాళ్ళు తాగితే, ఇంట్లో గది తలుపేసి ఒక్కసారిగా మాన్పించే ప్రయత్నం చెయ్యకండి. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మనిషి మతి తప్పి లేనివి కనిపిస్తున్నాయని అరవొచ్చు, అది ప్రాణాంతకం. ఆసుపత్రిలో విటమిన్ బి1 ఇంజెక్షన్లతో, వేరే మందులతో క్షేమంగా దాటిస్తారు. రాత్రికి రాత్రి వ్యాన్‌లో వచ్చి నలుగురు మనుషులు ఎత్తుకుపోయే రకం సెంటర్లున్నాయి, ఎంత విసిగినా వాళ్ళని పిలవకండి. అలా తీసుకెళ్ళిన మనిషి మీ మీద నమ్మకం పోగొట్టుకుని తిరిగొస్తాడు.

పాప నేర్చుకోనివ్వండి, వేరే గురువు దగ్గర. నాన్న దగ్గరే ఎందుకు కాదంటే, ఆయనకి మనసు బాగోని రోజు దాని పాఠం ఆగకూడదు, దాని పాఠం సరిగ్గా రాని రోజు ఆయన డీలా పడకూడదు. ‘నాన్న బాగుండటానికి నేను వాయించాలి’ అన్న బరువు పదకొండేళ్ళ పిల్ల మీద పెట్టొద్దు. ఇంటికొచ్చాక కమాను పట్టు సరిచేస్తే చేస్తారు, అది తండ్రీకూతుళ్ళ ముచ్చట.

అత్తగారు ఊరెళ్తానంటే వెళ్ళనివ్వండి అని రాయడం నాకు సులువే. కానీ ఆవిడది కొడుకు పోతాడన్న భయం. పెట్టె దించే ముందు ఆవిడతో మీరు మాట్లాడకండి, మీ ఆయన్నే మాట్లాడమనండి. ‘అమ్మా, నేను వాయించుకోవాలి’ అని ఆయన నోటితో వింటే ఆవిడ మెత్తబడొచ్చు. కోడలు చెప్తే అది పోట్లాటవుతుంది. నాలుగు రోజులు విజయనగరం వెళ్ళొచ్చినా తప్పులేదు.

చివరిగా ఆ ‘నీ ఇష్టం’. ఆ మాట ఒప్పుకోకండి. అమెరికా వద్దని నేను మీకు చెప్పాను, మీరు ఆయనకి చెప్పొచ్చు. ‘నాకు భయంగా ఉంది, ఈసారి వద్దనుకుంటున్నాను, అప్పు సంగతి ఇద్దరం చూద్దాం’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. తేల్చాల్సింది మాత్రం ఆయన. మీరు ఆపారని మిగిలితే, రేపు ఏ కష్టమొచ్చినా ఆ టూరు మీ నెత్తిన ఉంటుంది. వెళ్ళాలనే ఆయన పట్టుబడితే, ముందు డాక్టర్ దగ్గర ఇద్దరూ కూర్చోండి. మాత్ర ఎలా, మొదటి రాత్రి నుంచి ఎవరితో ఫోన్లో ఉండాలి, ఏ పరిస్థితి వస్తే మధ్యలోనే టికెట్ మార్చుకుని వచ్చెయ్యాలి అన్నది ఆయన చేతే చెప్పించండి. అవి చెప్పలేకపోతే జవాబు అదే. ట్రూపు లీడర్ మళ్ళీ ఫోన్ చేస్తే మీరు మాట్లాడకండి, ఫోన్ ఆయనకే ఇవ్వండి. ‘ఈ ఏడు కుదరదు సార్, ఆరోగ్యం చూసుకుంటున్నాను, వచ్చే ఏడు అడగండి’ అంటే చాలు, అంతకుమించి సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆయన మంచి లీడరైతే వచ్చే ఏడు అడుగుతాడు.